అత్తగారి మాట, నా తర్జుమా

నలభై మూడేళ్ల వయసులో నేను మళ్లీ కాలేజీలో చేరాను. అది ఆడవాళ్ల కాలేజీ. నల్లజాతి అమ్మాయిలను తక్కిన కాలేజీలు గడప తొక్కనివ్వని రోజుల్లో వాళ్ల కోసమే పెట్టారు. ఇప్పుడు ఎవరైనా చేరవచ్చు గానీ, చేరేవాళ్లు ఎక్కువగా ఆ పిల్లలే. మా క్లాసులో ఇరవై రెండు మందిమి ఉంటే, వేరే జాతిదాన్ని నేనొక్కదాన్నే. ముప్పై దాటినదాన్ని కూడా నేనొక్కదాన్నే.

చేరమని చెప్పింది మేముండే అల్ఫారెట్టా ఊళ్లో, మా ఇంటి దగ్గరి లైబ్రరీలో పనిచేసే ఒక పెద్దావిడ. పిల్లలు హైస్కూల్‌కి వచ్చాక నాకు పగలంతా ఖాళీ. వారానికి రెండు రోజులు ఆ లైబ్రరీకి వెళ్లి, తిరిగొచ్చిన పుస్తకాలను అరల్లో సర్దేదాన్ని. ఒకరోజు కెమిస్ట్రీ పుస్తకం ఒకటి సర్దడం మానేసి, నిలబడి చదువుకుంటూ ఆవిడ కంటబడ్డాను.

“నువ్వేం చదువుకున్నావు?” అని అడిగింది.

“బీఎస్సీ. పూర్తి కాలేదు. ఫైనల్ ఇయర్‌లో పెళ్లయింది, వీసా వచ్చింది. పరీక్షలు రాయకుండానే వచ్చేశాను.”

మరుసటి వారం ఆవిడ తను చదువుకున్న కాలేజీ కాగితాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. పెళ్లి వల్లో, పిల్లల వల్లో, ఉద్యోగం వల్లో మధ్యలో చదువాగిపోయిన ఆడవాళ్లను కూడా తీసుకుంటారట. “మా క్లాసులో ఒక నాయనమ్మ ఉండేది. ముందు వరసలో కూర్చుని మా అందరికంటే ఎక్కువ మాట్లాడేది,” అని నవ్వింది.

మా ఆయన ఆ కాగితాలు తిరగేసి, “గంట డ్రైవ్. ఫోర్ హండ్రెడ్ హైవే మీద పొద్దున పూట ట్రాఫిక్ తెలుసుగా. చేయగలవా?” అన్నాడు. చేయగలనన్నాను. అంతకుమించి మా ఇంట్లో చర్చేమీ జరగలేదు. అప్పటికి మా అత్తగారు గుంటూరు నుంచి ఆర్నెల్లు ఉండడానికి వచ్చి ఉన్నారు. ఆవిడ సోఫాలో కూర్చుని కాఫీ తాగుతూ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు.

మొదటి రోజు గేటు దగ్గర సెక్యూరిటీ అతను, “మీ అమ్మాయిని దింపడానికా మ్యామ్?” అని అడిగాడు. నేనే స్టూడెంట్‌నని చెబితే రెండడుగులు వెనక్కి వేసి సెల్యూట్ కొట్టాడు. సిగ్గుపడిపోయాను. ఆ రోజంతా ఏ తలుపు దగ్గరికి వెళ్లినా ఎవరో ఒక పిల్ల తలుపు పట్టుకుని నిలబడి, “మీరు రండి మ్యామ్,” అనేది. టీచర్‌ననుకుంటున్నారేమో అనుకున్నాను. కాదు, పెద్దవాళ్లను అలాగే పిలవమని వాళ్ల ఇళ్లలో నేర్పుతారట.

నెల తిరిగేసరికి అక్కడి రోజు నాకు అలవాటైపోయింది. క్లాసుకీ క్లాసుకీ మధ్య ఖాళీ దొరికితే హాస్టల్ కింది హాల్లో కూర్చునేదాన్ని. అక్కడ ఎప్పుడు చూసినా ఒకమ్మాయి కుర్చీలో, ఇంకో అమ్మాయి ఆమె కాళ్ల దగ్గర నేల మీద. కుర్చీలో పిల్ల, కింది పిల్ల జుట్టు పాయలు తీసి సన్నగా జడలల్లుతూ ఉంటుంది. కింద కూర్చున్న పిల్ల ఒళ్లో బయాలజీ ఫ్లాష్ కార్డులు. “మైటోకాండ్రియా?” అని అల్లే పిల్ల అడగడం, అల్లించుకునే పిల్ల జవాబు తప్పు చెబితే నెత్తి మీద దువ్వెనతో చిన్నగా తట్టడం. ఒక్క తలకు ఐదారు గంటలు పడుతుంది. ఆ లోపల ఒక యూనిట్ మొత్తం రివిజన్ అయిపోయేది. నేను కూడా పక్కన కూర్చుని విని రెండు యూనిట్లు అలా నేర్చుకున్నాను.

చదువు మాత్రం అనుకున్నంత తేలిగ్గా పట్టుబడలేదు. మేము చదువుకున్నది బట్టీ చదువు. మొదటి వ్యాసానికి నాలుగు పుస్తకాలు చదివి, ఎవరేమన్నారో ఒక్కటీ వదలకుండా ఎనిమిది పేజీలు రాశాను. ప్రొఫెసర్ దాని చివర ఆకుపచ్చ సిరాతో, “వాళ్లేమన్నారో తెలిసింది. మీరేమంటారు?” అని రాసి తిరిగిచ్చింది. పార్కింగ్‌లో కార్లో కూర్చుని చాలాసేపు ఆలోచించాను. నేనేమంటానో నాకే తెలియలేదు. ఆ మాట నన్ను అడిగినవాళ్లు అంతకుముందు ఎవరున్నారో కూడా గుర్తుకు రాలేదు.

ఆ ప్రొఫెసర్ అరవై దాటిన మనిషి. పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు, మెడలో పెద్ద చెక్కపూసల దండ. ఆవిడ చెప్పేది మొదటి ఏడాది పిల్లలందరూ తప్పక తీసుకోవలసిన క్లాసు. ఆడవాళ్ల చరిత్ర, వలసలు, శ్రమ, అన్నీ అందులో ఉండేవి. అక్టోబర్‌లో ఆవిడ ఒక అసైన్‌మెంట్ ఇచ్చింది. ఇద్దరిద్దరు జట్టు కట్టాలి. ఒకరి ఇంట్లోని పెద్దావిడను రెండోవాళ్లు ఇంటర్వ్యూ చేయాలి. ఆవిడ బతుకులో చేసిన పని గురించి అడగాలి. రికార్డు చేసి, ప్రతి మాటా రాయాలి. వేరే భాషైతే వాక్యం వాక్యం తర్జుమా చేయాలి.

“దేన్నీ సరిదిద్దొద్దు. ఆవిడ ఎలా అంటే అలా,” అని రెండుసార్లు చెప్పింది.

నా జట్టుకు వచ్చిన పిల్లకు పద్దెనిమిదేళ్లు. అలబామాలో ఒక చిన్న ఊరి నుంచి వచ్చింది. నడుము దాకా సన్నటి జడలు, ఎప్పుడూ చేతిలో ఒక చిప్స్ ప్యాకెట్. పళ్ల డాక్టర్ కావాలని కోరిక. మాటల మధ్యలో నా పళ్లు కూడా చూసి, “కింది వరస గట్టిగానే ఉంది,” అని సర్టిఫికెట్ ఇచ్చింది. తను నన్ను మ్యామ్ అంటుంటే నాకు ఎబ్బెట్టుగా ఉండి, “మా అల్ఫారెట్టాలో పిల్లలంతా నన్ను ఆంటీ అంటారు, నువ్వూ అలాగే పిలువు,” అన్నాను. ఆ పిల్ల కాస్త ఆలోచించి, “మా నాయనమ్మని అడిగి చెబుతాను,” అంది. ఎందుకు అడగాలో నాకు అర్థం కాలేదు.

ముందు వాళ్ల నాయనమ్మ ఇంటర్వ్యూ. లైబ్రరీలో ఒక గది తీసుకుని వీడియో కాల్ పెట్టాం. ఆవిడ ముప్పై ఏళ్లు స్కూల్ బస్సు నడిపిన మనిషి. గొంతు ఖంగుమంటోంది. కానీ ఆవిడ ఇంగ్లిష్ నాకు సగం కూడా అందలేదు. మాటలు సాగదీసి, సగం మింగేసి, నవ్వుతూ చెబుతుంది. నేను “సారీ?” అంటే ఆవిడ ఇంకా గట్టిగా అదే మళ్లీ చెబుతుంది. చివరికి మనవరాలు ఇంగ్లిష్‌ని ఇంగ్లిష్‌లోకి తర్జుమా చేయడం మొదలుపెట్టింది.

“మొదటి వారం కొందరు తెల్లవాళ్ల తల్లులు పిల్లల్ని నా బస్సు ఎక్కించలేదు,” అని చెప్పిందావిడ. “కార్లలో దింపుకున్నారు. తర్వాత వానలు మొదలయ్యాయి. ఎక్కించారు.” అని పడీ పడీ నవ్వింది.

చివర్లో తనే ఆంటీ సంగతి ఎత్తింది. వాళ్లమ్మ కాలంలో తెల్లవాళ్లు నల్లజాతి ఆడవాళ్లను మిసెస్ అని గౌరవంగా పిలవడం ఇష్టం లేక ఆంటీ అని పిలిచేవారట. అందుకని ఆ మాట తమ సొంత పిల్లల నోట తప్ప వాళ్లింట్లో వినపడనివ్వరట. “మా పిల్ల నిన్ను అలా పిలవనా అని అడిగింది. పిలవమన్నాను. మా ఇంట్లో ఆ మాట ఊరికే ఇవ్వం,” అంది. ఇది మాత్రం నాకు తర్జుమా లేకుండానే అర్థమైంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆ పిల్లను కాలేజీ నుంచి మా ఇంటికి తీసుకొచ్చాను. మా అత్తగారు వెంకటగిరి చీర కట్టుకుని, పొద్దుటి నుంచే సిద్ధంగా కూర్చున్నారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. గుంటూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్‌గా చేరి అక్కడే రిటైరయ్యారు. పులిహోర, వంకాయ కూర తనే చేశారు. ఆ పిల్ల రెండోసారి వంకాయ కూర అడిగి వేయించుకుంటే ఆవిడ మొహం వెలిగిపోయింది.

భోజనాలయ్యాక ఆ పిల్ల ఫోన్ బల్ల మీద పెట్టి రికార్డింగ్ మొదలుపెట్టింది. మా అత్తగారు ఆమెను కాసేపు పరకాయించి చూసి, నాతో అన్నారు.

“ఇంత జుట్టూ ఈ పిల్లదేనటే? అతికించుకుందా? రంగు తక్కువైనా మొహం మాత్రం కళగా ఉంది. అవునే, ఆ కాలేజీలో అంతా వీళ్లేనంటగా. మీ పిన్నత్త ఫోన్ చేసి, మీ కోడలికి ఇంకో చోట సీటు దొరకలేదా అని అడిగింది. నేనేం చెప్పను?”

“ఏమంటున్నారు?” అని అడిగింది ఆ పిల్ల.

“నీ మొహం కళగా ఉందంటున్నారు,” అన్నాను.

“థాంక్యూ మ్యామ్!” అని ఆ పిల్ల రెండు చేతులూ జోడించింది.

తర్వాత ఇంటర్వ్యూ హాయిగా సాగింది. పదిమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పొడుగాటి తీగలు ఒక రంధ్రంలోంచి తీసి ఇంకో రంధ్రంలో గుచ్చుతూ ట్రంక్ కాల్స్ ఎలా కలిపేవారో ఆవిడ గాల్లో చేతులాడించి చూపించారు. ఆర్డినరీ కాల్‌కి గంటలు గంటలు ఆగాలి, లైట్నింగ్ కాల్ అయితే వెంటనే. ఆ పిల్ల నోరు తెరుచుకుని వింది. ఏ ఊరు కలపడం కష్టంగా ఉండేదని అడిగింది. మాచర్ల, అన్నారు అత్తగారు తడుముకోకుండా. నేను కూడా మొదటిసారి వింటున్నాను. ఇరవై రెండేళ్లలో ఆవిడ ఉద్యోగం గురించి నేనొక్క ప్రశ్న కూడా వేయలేదు.

చివరి ప్రశ్న, “మీరు తప్పు చేశాననుకునేది ఏమైనా ఉందా?” అని. నేను తెలుగులో అడిగాను. అత్తగారు చీర కొంగు సర్దుకుని, నావైపు కాకుండా ఆ పిల్లవైపు చూస్తూ మాట్లాడారు. చాలాసేపు మాట్లాడారు. ఆవిడ ఆపాక నేను బల్ల మీది ఖాళీ గ్లాసులు ఒక్కచోటికి చేర్చాను. “అందరూ చిన్న చిన్న తప్పులు చేస్తారు, పెద్దగా ఏమీ లేదంటున్నారు,” అన్నాను.

ఆ పిల్ల నన్ను చూసింది, ఆవిడను చూసింది. రికార్డింగ్ ఆపేసింది. తిరిగి వెళ్లేటప్పుడు కార్లో అడిగింది.

“ఆంటీ, ఆవిడ అంతసేపు మాట్లాడారు. మీరు ఒక్క ముక్క చెప్పారు.”

“పెద్దవాళ్లు కదా, చెప్పిందే చెబుతారు,” అన్నాను.

హాస్టల్ దగ్గర దిగేటప్పుడు ఆ పిల్ల, “వంకాయ కూరకి మీ అత్తగారికి థాంక్స్ చెప్పండి,” అంది.

మంగళవారం మధ్యాహ్నం లైబ్రరీలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ రికార్డింగ్ రాయడానికి కూర్చున్నాను. మొదట్లోనే “రంగు తక్కువైనా” వచ్చింది. ఆపాను. మళ్లీ విన్నాను. దాన్ని వదిలేసి రాయవచ్చు, తెలుగు తెలిసినవాళ్లు ఆ కాలేజీలో ఇంకెవరూ లేరు. కానీ ప్రొఫెసర్ రెండుసార్లు చెప్పిన మాట గుర్తుకొచ్చింది. అంతకంటే ఎక్కువగా, ఆ పిల్ల చేతులు జోడించి థాంక్యూ చెప్పడం గుర్తుకొచ్చింది. రాశాను. పిన్నత్త మాట కూడా రాశాను. దాని కింద, “ఇది నేను ఆ రోజు తర్జుమా చేయలేదు,” అని రాశాను.

తర్వాత చివరి జవాబు. అత్తగారి గొంతు చెవుల్లో దగ్గరగా వినిపించింది.

“తప్పంటే మా కోడలి విషయంలోనే. ఇది నీకు ఇంగ్లీషులో ఎట్టా చెబుద్దో తెలీదు. పెళ్లి కుదిరేటప్పటికి దీని పరీక్షలు రెండు నెల్లున్నయ్. పరీక్షలయ్యాక చేద్దామండీ అన్నాడు వాళ్ల నాన్న. ముహూర్తాల్లేవని నేనే తొందరపెట్టా. ముహూర్తాలు లేక కాదు. చదువైతే ఉద్యోగమంటది, నా మాదిరి ఇంటా బయటా నలుగుద్ది, ఎందుకులే అనుకున్నా. నన్ను విజయవాడకి సూపర్‌వైజర్‌గా వేస్తామంటే మా ఆయన వద్దన్నాడు. మానుకున్నా. ఆ రోజు ఎక్స్ఛేంజ్ వెనక మెట్ల మీద కూర్చుని ఏడ్చా. అట్టా ఏడ్చినదాన్ని, మళ్లీ నేనే ఇంకో పిల్ల చదువాపా. ఇన్నేళ్లలో ఇది నన్ను ఒక్కసారీ అడగలా. అడిగితే చెబుదామనుకున్నా.”

పెళ్లి తొందర మా నాన్నదే అనుకుంటూ ఇన్నేళ్లూ ఆయన మీద లోలోపల అలిగి ఉన్నాను నేను. హెడ్‌ఫోన్లు తీసి, బయటికి వెళ్లి, కాసిని మంచినీళ్లు తాగి వచ్చి, మొత్తం వాక్యం వాక్యం రాశాను.

శుక్రవారం డైనింగ్ హాల్లో ఆ పిల్లకు కాగితాలు ఇచ్చాను. శుక్రవారం అక్కడ వేయించిన చేపల రోజు, కూర్చోవడానికి చోటు దొరకదు. గోడవారగా ఒక చిన్న బల్ల దొరికింది. తను తింటూ చదవడం మొదలుపెట్టి, మొదటి పేజీ సగంలో ఫోర్క్ కింద పెట్టేసింది.

“ఈ ‘అయినా’ అనే మాట నాకు కొత్త కాదు ఆంటీ,” అంది. “నలుపైనా బాగుంటుందని మా మేనత్తలే అనేవాళ్లు. మా ఇంట్లో నేనే అందరికంటే నలుపు. మీ ఇంటికి వస్తున్నానంటే మా నాయనమ్మ ఏం అడిగిందో తెలుసా? మా ఊళ్లో గ్యాస్ స్టేషన్ మీ దేశం వాళ్లదే. మాకు చిల్లర చేతిలో పెట్టరు, కౌంటర్ మీద పెడతారు. ‘వాళ్లేనా? నీకు కంచంలో పెడతారా, బల్ల మీద పెడతారా?’ అని అడిగింది.”

నేను నా కంచం పక్కకు జరిపాను.

“కంచంలోనే పెట్టారు, రెండుసార్లు పెట్టారని చెప్పాను,” అని కొంచెం నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అంది. “కానీ మీరు నాకు చెప్పి ఉండాల్సింది. కోపం తెచ్చుకోవాలో వద్దో నేను చూసుకుంటాను కదా.”

“అవును. చెప్పాల్సింది. సారీ,” అన్నాను.

ఆమె తక్కిన పేజీలు చదివింది. చివరి పేజీ రెండుసార్లు చదివి, లేచి వెళ్లి నా కోసం పీచ్ పళ్లతో చేసిన కాబ్లర్ అనే తీపి ఒక గిన్నెలో తెచ్చి ముందు పెట్టింది. వేడిగా ఉంది. ఇద్దరం తిన్నాం.

ఆ సాయంత్రం వంటింట్లో బీన్స్ తుంచుతూ అత్తగారితో చెప్పాను. “అత్తయ్యా, మీరు చివర చెప్పింది క్లాసులో చదవాలి. వద్దంటే తీసేస్తాను.”

“తీసేయడమెందుకు? చెప్పిందేగా,” అన్నారు. చేతిలో బీన్స్ కాయ తుంచకుండా అలాగే పట్టుకుని ఉన్నారు. “నీతో ఎదురుగా చెప్పడం నాకు చేతకాలా. ఆ పిల్ల అడిగింది, నోరొచ్చింది.”

“నేను మా నాన్న అనుకున్నాను.”

“ఆయన పాపం పుణ్యాత్ముడు. ఆయన్నేమీ అనుకోబాక.”

కాసేపు ఇద్దరం బీన్స్ తుంచుకున్నాం. తర్వాత మొదటి పేజీ సంగతి కూడా చెప్పాను. ఆవిడ నుదురు కొట్టుకున్నారు.

“అయ్యో, అది కూడా రాశావటే! ఏమందే ఆ పిల్ల?”

ఆమె అన్నదంతా, గ్యాస్ స్టేషన్ చిల్లరతో సహా చెప్పాను. అత్తగారు తుంచిన బీన్స్ గిన్నెలోకి ఎత్తారు. “క్లాసు ఏ రోజు? నేనూ వస్తా,” అన్నారు.

ఆ రోజు క్లాసులో ఆవిడకు ముందు వరసలో కుర్చీ వేశారు. నేను నాయనమ్మ బస్సు కథ చదివాను. ఆ పిల్ల మా అత్తగారి కథ చదివింది. మొదటి పేజీ కూడా వదలలేదు. “రంగు తక్కువైనా” దగ్గర క్లాసులో గుసగుసలు వినపడ్డాయి. ఆమె ఆగలేదు, గొంతు మార్చలేదు. చదవడం అయ్యాక ప్రొఫెసర్ మా అత్తగారిని ఏమైనా చెబుతారా అని అడిగింది. నేను తర్జుమా చేయడానికి లేవబోతే ఆవిడ చెయ్యి ఊపి కూర్చోమన్నారు. ఎక్స్ఛేంజ్‌లో నేర్చిన ఇంగ్లిష్ ఆవిడ దగ్గర కొంత ఉంది.

“దట్ డే ఐ సెడ్ కలర్,” అన్నారు ఆ పిల్లతో. “నాట్ కరెక్ట్. ఐ యామ్ ఓల్డ్, బట్ నాట్ కరెక్ట్.”

ఆ పిల్ల వచ్చి ఆవిడ పక్క కుర్చీలో కూర్చుంది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ప్రశ్నలు వేశారు. రాంగ్ నంబర్ కలిపితే ఏం చేసేవారు? జనం మాటలు వినేవారా? “విని ఉంటారు,” అని ప్రొఫెసర్ అంటే, అత్తగారు “నో, నో,” అని, తర్వాత “సమ్‌టైమ్స్,” అన్నారు. క్లాసు క్లాసంతా బల్లలు చరిచింది. గంట అయిపోయినా ఎవరూ లేవలేదు.

మా ఇద్దరికీ ‘ఏ మైనస్’ గ్రేడు వచ్చింది. ప్రొఫెసర్ నా కాగితం మీద, “ఇప్పుడు మీ గొంతు వినిపిస్తోంది,” అని రాసింది. మైనస్ ఎందుకని ఆ పిల్ల వెళ్లి అడిగి వచ్చింది. ఫుట్‌నోట్లలో కామాలు తప్పట.

ఆ రాత్రి, ఊళ్లో ఉన్న మా నాన్నకు తెల్లారే వేళ చూసుకుని ఫోన్ చేశాను. పరీక్షలయ్యాక పెళ్లి చేద్దామని మీరు అన్నారట కదా అని అడిగాను. “అన్నట్టే గుర్తు. ఇప్పుడదెందుకమ్మా?” అన్నారాయన. “ఊరికే,” అన్నాను. చదువెలా సాగుతోందని అడిగారు. బాగుందన్నాను. నిజంగానే బాగుంది.

అత్తగారు జనవరిలో గుంటూరు వెళ్లిపోయారు. నేనిప్పుడు మూడో సెమిస్టర్‌లో ఉన్నాను. పాత బీఎస్సీ మార్కుల్లో కొన్నింటిని ఒప్పుకున్నారు, కొన్ని మళ్లీ చదవాలి. ఈ సెమిస్టర్‌లో నేనూ ఆ పిల్లా ఆర్గానిక్ కెమిస్ట్రీ కలిసి తీసుకున్నాం. ఆమెకు రియాక్షన్లు త్వరగా అర్థమవుతాయి, నాకు గుర్తుంటాయి. మంగళ, గురువారాలు లైబ్రరీలో గాజు గది బోర్డు మీద ఒకరు రాస్తుంటే ఒకరు తప్పులు పట్టుకుంటాం. నిన్న ఆమె రాసిన రియాక్షన్‌లో బాణం తప్పు దిశలో ఉందని నేను, సరిగ్గానే ఉందని ఆమె, పావుగంట వాదించుకున్నాం. పక్క గది పిల్లలు గాజు తలుపు తట్టి నెమ్మదిగా మాట్లాడమన్నారు. పుస్తకం తీసి చూస్తే ఆమెదే కరెక్టు.